సుగంధి కోపానికి బీపీ అని పేరు

సుగంధికి కోపం వస్తే ఇంట్లో ఎవరూ కారణం అడగరు. బీపీ మెషీను తెస్తారు.

ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో ఆమెకు సరిగ్గా గుర్తులేదు. తల్లి గొంతు కాస్త పెరిగితే చాలు, కూతురు నందిత బీరువా మీద నుంచి మెషీను దించి చేతికి పట్టీ చుట్టేస్తుంది. అది బుసబుసమని గాలి ఎక్కించుకొని నూట ఎనభయ్యో, నూట తొంభయ్యో చూపిస్తుంది. "చూడు, అందుకే అరుస్తుండావు" అంటాడు భర్త రఘునాథన్. అంతటితో అసలు సంగతి పక్కకు పోతుంది. మోటారు ఆపకుండా పోయిందెవరు, అంగడి తాళం ఎక్కడ పెట్టారు, ఇంటికి వస్తామన్న చుట్టాల సంగతి తనకెందుకు చెప్పలేదు, వీటిలో దేనికీ జవాబు రాదు. పడుకోమంటారు. ఆమె పడుకొని పైకప్పు వైపు చూస్తూ, ఆ కోపాన్నంతా పళ్ళ మధ్య నలుపుకుంటుంది.

రెడ్డియార్‌పాళయంలో బస్సులు తిరిగే రోడ్డుకు వెనకాల వీధిలో ఆమెది పాత్రల బాడుగ అంగడి. పెళ్ళికైనా, సీమంతానికైనా, చావు భోజనానికైనా కావలసిన అండాలు, ఇడ్లీ కొప్పెరలు, గంటెలు, గ్యాసు పొయ్యిలు అక్కడ దొరుకుతాయి. వాళ్ళ పూర్వీకులు ఏనాడో తెలుగు సీమ నుంచి వచ్చి ఇక్కడ సేద్యం చేసినవాళ్ళు. పొలాలు పోయినా, కూలీలకు అన్నం వండిన ఇత్తడి అండాలు మిగిలాయి. వాటితో అంగడి పెట్టింది సుగంధి అత్త భాగ్యం. కొడుకుకు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది కాబట్టి, అంగడిని కోడలి చేతిలో పెట్టి ఆవిడ కన్నుమూసింది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. తెలుగు అక్షరం మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

తెల్లారకముందే బండికి పాత్రలెక్కించడం, వంటవాళ్ళతో వాదించడం, సొట్టలు పడి వెనక్కి వచ్చిన వాటిని చూసి అరవడం, ఇరవై ఏళ్ళుగా ఇదే ఆమె బతుకు. అరవకపోతే పాత్రలు సగం కూడా వెనక్కి రావు. ఆ అరుపు ఆ వ్యాపారంలో ఒక పనిముట్టు. దానికే జబ్బని పేరు పెట్టేశారు.

జబ్బు నిజంగానే ఉంది, అది వేరే విషయం. నలభై దాటగానే వెనక మెడ దగ్గర నొప్పి మొదలైంది. వీధి చివరి డాక్టరు చూసి ఒక మాత్ర రాశాడు. అది చాలక రెండోది, దాని మీద మూడోది. ఒకటి వేసుకుంటే సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచేవి. ఇంకొకటి వేసుకుంటే పొడిదగ్గు. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్న పూట, బండిలో పోతూ దారిపొడవునా ఎవరింట్లో బాత్రూం అడగాలా అని చూసుకోవాల్సి వచ్చేది. నాలుగో మాత్రకు నోరు ఎండిపోయింది. ఇన్ని మింగినా మెషీనులో అంకె మాత్రం దిగలేదు.

దిగకపోతే తప్పు ఎవరిది? మాత్రలది కాదు, డాక్టరుది అంతకన్నా కాదు. పథ్యం ఉండటం లేదన్నారు. ఫంక్షన్లకు పోతుంది, అక్కడ అప్పడాలు, ఊరగాయలు తింటుందన్నారు. నిజానికి పెళ్ళి భోజనం రుచి ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చప్పిడి పెరుగన్నం బండిలో కూర్చొని తిని, చేయి కడుక్కొని, వంటశాలలోకి పోయేది. సాంబారు పొంగే వాసన ముక్కుకు తగులుతుంటే ఆమెకు ఏడుపే వచ్చేది. అంత చేసినా, నెలనెలా చెకప్‌లో డాక్టరు అంకె చూసి పెదవి విరిచి, "ఏమ్మా, ఈసారి ఎన్ని పెళ్ళిళ్ళు?" అని నవ్వేవాడు.

ఇదంతా ఒక ఎత్తు. ముకుందన్ పడిపోయిన తర్వాత జరిగింది ఇంకో ఎత్తు.

ముకుందన్ సుగంధికి అన్న. అతనికీ ఇదే బీపీ. మాత్రలు వేసుకుంటున్నానని ఇంట్లో చెబుతూ, కొన్నవాటిని కొన్నట్టే బీరువాలో దాచేవాడు. ఒకరోజు స్నానానికి పోయినవాడు గోడ పట్టుకొని జారిపోయాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. బావమరిదిని భుజాన వేసుకొని ఆసుపత్రికి తీసుకుపోయింది రఘునాథనే. ఆ తర్వాత బీరువాలో మాత్రల గుట్ట చూసిందీ అతనే.

ఆ రోజు నుంచి అతని చూపు మారింది. పైకి ఏమీ అనడు. కానీ ఆమె మాత్ర వేసుకునే వేళకు ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వస్తాడు. ఒకనాడు సుగంధి పెరట్లోకి పోయేసరికి అతను చెత్తబుట్టలో కవర్లు, ఉల్లిపొట్టు పక్కకు తోసి వెతుకుతున్నాడు.

ఏం వెతుకుతున్నారని అడిగింది. ఏమీ లేదన్నాడు. ఆమెకు అర్థమైంది. లోపలికి పోయి రాత్రి వేసుకోవాల్సిన మాత్రలన్నీ తెచ్చి, అతని ముందే నోట్లో వేసుకొని, నీళ్ళు తాగి, నోరు పెద్దగా తెరిచి నాలుక పైకెత్తి చూపించింది.

"చూడండి. కింద కూడా చూడండి. యాడన్నా దాచినానా?"

రఘునాథన్ చేతులు కడుక్కుంటూ, "మీ అన్న కూడా వేసుకుంటుండానే అన్నాడు" అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమెకు ఏళ్ళ తరబడి ముల్లులా గుచ్చుకుంటూనే ఉండిపోయింది. పెళ్ళై అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు, చిన్న పిల్లలా నోరు తెరిచి చూపించుకోవాల్సి వచ్చింది. చూపించినా నమ్మలేదు.

పోయిన ఏడాది సంక్రాంతితో మొదలయ్యే తై మాసం పెళ్ళిళ్ళలో, సోలై నగర్‌లో చేపలు పట్టే మీనవుల ఇంటికి పాత్రలు తీసుకుపోయింది. బండి నడిపే ఏలుమలై ఒక్కొక్కటే దించుతున్నాడు. సముద్రం గాలి ఉన్నా ఆమెకు ఒళ్ళంతా చెమటలు. ఎదురుగా ఉన్న పందిలి రెండుగా కనిపించింది. ముక్కులో వెచ్చగా ఏదో కదిలినట్టై తుడుచుకుంటే చెయ్యి ఎర్రబడింది. ఇడ్లీ కొప్పెర మూత మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడుతుంటే, ఆమె ముందు చేసిన పని, పెళ్ళివాళ్ళు చూడకుండా చీర కొంగుతో మూత తుడవడం.

ఏలుమలై ఇంకేమీ ఆలోచించలేదు. సుగంధిని ముందు సీట్లో కూర్చోబెట్టి బండిని ఆసుపత్రికి ఉరికించాడు. అన్నం వండాల్సిన పెద్ద అండా బండిలోనే ఉండిపోయింది. క్యాజువాల్టీలో ముక్కు నిండా దూది కుక్కుకొని పడుకున్న సుగంధి, అండా పెళ్ళింట్లో దించి రమ్మని అతన్ని పోరుతూనే ఉంది. పక్కన మెషీను రెండు వందలు దాటి చూపిస్తోంది. అప్పుడే వచ్చిన కుర్ర డాక్టరు ఆమెను తలెత్తి చూడకుండానే, "మాత్రలు ఎప్పుడు మానేశారు?" అని అడిగాడు.

మానేశారా అని కాదు, ఎప్పుడు మానేశారు అని.

సుగంధి ముక్కులో దూది పీకేసి అరిచింది. ఏమని అరిచిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. వార్డులో అందరూ ఆమె వైపు తిరిగి చూశారు. నర్సు వచ్చి, బీపీ ఎక్కువైతే ఇలాగే చిరాకుగా ఉంటుందని పక్క మంచం వాళ్ళకు సర్దిచెప్పింది.

ఆ అరుపు విని వచ్చినవాడే డాక్టర్ ఎళిలరసన్, గుండె జబ్బుల విభాగంలో ఉండే నడివయసు మనిషి. మంచం పక్కన కుర్చీ లాక్కొని కూర్చొని ఏ మాత్రలు, ఏ పూట, ఎన్నాళ్ళుగా అని అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది. నమ్ముతానని అతను అనలేదు, నమ్మనని కూడా అనలేదు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండి, నర్సు చేతి నుంచే మాత్రలు తీసుకొని, ఆమె కళ్ళ ముందే మింగాలని చెప్పాడు. చేతికి పట్టీ కట్టి, నడుముకు చిన్న పెట్టె తగిలిస్తారు. అది పగలూ రాత్రీ తనంతట తానే ప్రెషర్ చూసి రాసుకుంటుంది.

మళ్ళీ పరీక్షే. ఇక్కడా నోరు తెరిచి చూపించడమే. సుగంధికి లేచి ఇంటికి పోదామనిపించింది. అన్న ముఖం గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ పట్టీ నిద్రపట్టబోతున్నప్పుడల్లా చేతిని పిండేసేది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చప్పిడి గంజే తిన్నది, వాళ్ళిచ్చిన మాత్రలే మింగింది.

పెట్టెలో ఉన్నదంతా చూసుకొని డాక్టరు వచ్చిన రోజు రఘునాథన్ కూడా పక్కనే ఉన్నాడు.

"ఈమె మాత్రలు సరిగ్గానే వేసుకుంటోంది. మాత్రలే ఈమె మీద పని చేయటం లేదు. నిద్రలో కూడా ప్రెషర్ దిగటం లేదు" అన్నాడు ఎళిలరసన్.

సుగంధి భర్త వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. ఏదో ఒక మాట అంటాడని ఆమె ఎదురు చూసింది. అతను కాఫీ తెస్తానని బయటికి పోయాడు.

ఆ తర్వాత రక్త పరీక్షలు, స్కానింగులు. కిడ్నీ మీది గ్రంథి బాగానే ఉంది, కిడ్నీకి పోయే రక్తనాళాల్లో అడ్డేమీ లేదు, గురక జబ్బు లేదు. కారణం దొరికితే దాన్ని పట్టుకొని వైద్యం చేయవచ్చు, అదీ దొరకలేదు. ఐదో మాత్ర చేర్చి చూశారు. నిలబడితే కళ్ళు తిరిగాయి, అంకె మాత్రం నూట డెబ్బై కిందికి రాలేదు. అప్పుడు ఎళిలరసన్ ఒక కొత్త వైద్యం మాట ఎత్తాడు. మెదడుకూ కిడ్నీలకూ మధ్య వార్తలు మోసే సన్నటి నరాలు, కిడ్నీకి పోయే రక్తనాళం చుట్టూ అల్లుకొని ఉంటాయట. కొందరిలో అవి అవసరం లేకపోయినా ప్రెషర్ పెంచమని పోరుతూనే ఉంటాయట. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, కిడ్నీ దాకా నడిపించి, దాని కొసన పుట్టే వేడితో ఆ నరాలను మాడుస్తారు. కోత లేదు, కుట్టు లేదు.

జబ్బు పోతుందా అని అడిగింది సుగంధి. పోదు, తగ్గవచ్చు అన్నాడు. ఎంత తగ్గుతుందంటే, కొందరికి బాగా, కొందరికి కొద్దిగా, కొందరికి అసలు తగ్గదు. ఎవరికి తగ్గుతుందో ముందుగా చెప్పలేమన్నాడు. మాత్రలు ఉంటాయి, ఒకటి రెండు తగ్గితే తగ్గవచ్చు.

ఇంట్లో ఆ కబురు చెప్పగానే గోల మొదలైంది. వాళ్ళ భాషలో రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. నరాన్ని కాలుస్తారంటే రక్తం యాడ పోతుందని ఒకరు, కాళ్ళు చచ్చుబడిపోతే ఎవరు చూస్తారని ఒకరు. మునగాకు రసం తాగమన్నారు, వెల్లుల్లి పాలలో ఉడికించి తినమన్నారు, అంగడి మూసేసి ఇంట్లో కూర్చుంటే అదే తగ్గుతుందన్నారు. ఆ చివరి మాట అన్న గొంతుల్లో రఘునాథన్‌ది కూడా ఉంది.

అందరూ వెళ్ళిపోయాక సుగంధి నందితను పిలిచి, ఆసుపత్రికి ఫోన్ చేసి రోజు అడగమంది. ధైర్యం వచ్చి కాదు. ముకుందన్ ఇంటికి పోయినప్పుడల్లా, చెల్లెల్ని చూసి అతను నోరు కదిలిస్తాడు. మాట రాదు. ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంటాడు, విడవడు. ఆ పట్టు కన్నా ఏ గొట్టమూ భయపెట్టదనుకుంది.

వైద్యం జరిగిన రోజున మత్తిస్తామన్నారు గానీ, అది పూర్తి నిద్ర కాదు. పైన తెర మీద తన కిడ్నీ రక్తనాళం చెట్టు కొమ్మలా విచ్చుకోవడం ఆమె మసకమసకగా చూసింది. వేడి పెట్టినప్పుడల్లా నడుము లోపల ఎవరో కాల్చిన కడ్డీ ఆనించినట్టు నొప్పి. మూలిగితే మందు ఇంకాస్త ఎక్కించారు. ఒక పక్క అయిపోయిందనుకుంటే రెండో పక్క మొదలుపెట్టారు. తర్వాత కాలు కదపకుండా వెల్లకిలా పడుకోమన్నారు. జీవితంలో అంతసేపు కదలకుండా ఉన్నది అదే మొదలు. మర్నాడు ఇంటికి పంపేశారు.

ఇంటికి వచ్చి చూస్తే నూట డెబ్బై ఎనిమిది.

వారం పోయింది, నెల పోయింది. అంకె ఒకరోజు దిగుతుంది, మర్నాడు మళ్ళీ ఎక్కుతుంది. రఘునాథన్ ఆఫీసుకు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పట్టీ చుడతాడు. ప్రతిసారీ అతని ముఖంలో 'నేను చెప్పలేదా' అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగుతుంది. చుట్టాలు ఫోన్ చేసి, ఇంక మాత్రలు మానేశావా అంటారు. లేదంటే, మరి ఎందుకే అంత కష్టం అంటారు. వాళ్ళకు ఏమని చెప్పాలి? అది తగ్గని కొందరిలో తనూ ఒకతేమో. నరాలు మాడాయో, మాడినట్టు నటిస్తున్నాయో. డాక్టరు మాత్రం తొందరపడొద్దు, నెలలు పడుతుంది అంటాడు. తొందరపడకుండా ఉండటం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మూడో నెలలో ఒక పొద్దున నూట యాభై నాలుగు వచ్చింది. మెషీను బ్యాటరీ అయిపోయిందనుకొని నందిత కొత్తవి వేసింది. మళ్ళీ అంతే. ఆ తర్వాత అంకె అక్కడక్కడే తిరిగింది. ఆరు నెలలు గడిచేసరికి కళ్ళు తిప్పే మాత్ర పోయింది, నోరెండించే మాత్ర పోయింది. మూడు మిగిలాయి. నూట నలభై, నూట యాభై మధ్యన ఉంటుంది. ఒక్కో రోజు దాటుతుంది. ఎళిలరసన్ సంతోషించాడు. సుగంధికి మాత్రం సంతోషం సగంలోనే ఆగింది. పోదని డాక్టరు ముందే చెప్పినా, లోలోపల ఆమె పోతుందనే అనుకుంది. పెళ్ళి సాంబారు ఒక గిన్నె తాగవచ్చనుకుంది. పథ్యం అలాగే ఉంది, మాత్రలు ఉన్నాయి, వాచే పాదాలు ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చెల్లప్పన్ అనే పాత సామాన్ల వ్యాపారి తక్కెడ తీసుకొని అంగడికి వచ్చాడు. ఇత్తడి అండాలు ఎక్కడున్నాయని అడిగాడు. ఎవరు చెప్పారంటే, సార్ మాట ఇచ్చారన్నాడు. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడే అనుకున్న బేరమట. అంగడి మూసేస్తున్నారు కదమ్మా అన్నాడు మర్యాదగానే.

సుగంధి అతన్ని పంపేసి, అంగడికి తాళం వేసి ఇంటికి పోయింది. రఘునాథన్ వచ్చేదాకా కూర్చొని ఉంది. అతను చెప్పులు విడవకముందే అడిగింది. అతను ఆమె మంచికే అన్నాడు. ఆ పనిలో ఉన్నంతకాలం ప్రెషర్ తగ్గదన్నాడు. ఆమె గొంతు లేచింది. తనను అడగకుండా తన అంగడి ఎలా అమ్ముతారంది. లోపలి నుంచి నందిత మెషీనుతో వచ్చి, అలవాటుగా తల్లి చెయ్యి పట్టుకుంది.

సుగంధి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెట్టొద్దు. అది ఎంత చూపించినా సరే, నా మాట మారదు. ఇది బీపీ కాదు, నాకు కోపమొచ్చింది. ఏందికి వచ్చిందో అడుగు."

నందిత పట్టీని మెషీను మీద పెట్టేసింది. "ఏందికమ్మా?" అంది.

సుగంధి చెప్పింది. అంగడి సంగతి చెప్పింది. చెత్తబుట్ట సంగతి చెప్పింది. డాక్టరు నిజం చెప్పిన రోజు కాఫీకి పోయిన మనిషి, ఇప్పటిదాకా తప్పయిందని ఒక్క మాట అనలేదని చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పగలిగింది అదే మొదటిసారి.

రఘునాథన్ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు.

"ముకుందన్‌ను ఎత్తినప్పుడు ఎంత బరువుండాడో నాకు తెలుసు. నిన్ను అట్ల ఎత్తలేను. అందుకే వెతికినా. తప్పే."

ఆమెకు ఆ మాట చాలలేదు. ఇన్నేళ్ళది 'తప్పే' అన్న ఒక్క మాటతో చెల్లుతుందా? అయినా అతనికి కంచం పెట్టడానికి వంటింట్లోకి పోయింది. మర్నాడు అతనే పోయి చెల్లప్పన్‌కు బేరం లేదని చెప్పి వచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య మాటలు మామూలుగా కావడానికి చాలా రోజులే పట్టింది. పూర్తిగా అయ్యాయని చెప్పడం కూడా కష్టమే.

ఈ ఏడు ఆగస్టులో వచ్చిన ఆవణి మాసంలో పిళ్ళైచావడిలో ఒక గృహప్రవేశానికి పాత్రలు దించుతుంటే, ఆ ఇంటావిడ లోకేశ్వరి సుగంధిని పక్కకు పిలిచింది. తన భర్తకూ ఎన్ని మాత్రలు వేసినా బీపీ దిగటం లేదట. మాత్రలు పారేస్తున్నాడేమోనని అనుమానమట. మీరు గొట్టం వైద్యం చేయించుకున్నారని ఏలుమలై చెప్పాడు, అది మంచిదేనా అని అడిగింది.

సుగంధి మంచిదనీ అనలేదు, కాదనీ అనలేదు. తనకు కొంచెం దిగింది, కొంచెమే. నొప్పి ఉంటుంది, నెలలు పడుతుంది, మాత్రలు ఉంటాయి. అందరికీ పని చేయదట. ముందు డాక్టరు అన్ని పరీక్షలూ చేయాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. లోకేశ్వరి ముఖం చిన్నబోయింది. ఆవిడ వినాలనుకున్నది అది కాదు.

పోబోతూ సుగంధి ఆగింది. "మీరు చెత్తబుట్ట వెతకవద్దు. ఆసుపత్రిలో ఆయనకు నర్సు ముందు మాత్రలు మింగించి చూస్తారు, అది అడగండి" అంది.

వెనకాల వంటవాడు గ్యాసు పొయ్యి ఒకటి మండటం లేదని కేకేశాడు. ముందురోజు చూసే పంపానని సుగంధి అంతకన్నా గట్టిగా కేకేస్తూ, పందిలి కిందికి నడిచింది.